పేదరికాన్ని ఇంగ్లీషులో సమర్పించవలెను

వర్ధమాన దేశాల పిల్లలు విదేశాల్లో పీజీ చదువుకోవడానికి ఫెలోషిప్పులిచ్చే సంస్థలను, పేదోళ్ళను రానివ్వరని మనవాళ్ళు ఉత్తపుణ్యానికి ఆడిపోసుకుంటారు. వాళ్ళేమీ పేదోణ్ణి రావద్దనలేదు. ఆ పేదరికాన్ని మంచి ఇంగ్లీషులో, చెప్పిన పదాల లెక్క దాటకుండా రాసి, ఇద్దరు పెద్దమనుషుల చేత ధ్రువీకరింపజేసి, గడువులోపు అప్‌లోడ్ చెయ్యమన్నారంతే. మీసేవలో కులం సర్టిఫికెట్‌కు తిరిగినోళ్ళకు ఇదొక లెక్కనా?

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ సంగతే చూడండి. డిగ్రీతో పాటు 2,800 గంటల పని అనుభవం ఉండాలి. నాయకత్వం మీద ఒక వ్యాసం, పరిచయాలు పెంచుకునే నేర్పు మీద ఇంకొకటి రాయాలి. ఇది చదవగానే నా కండ్ల ముందు నారాయణపేట దిక్కు గుంపు మేస్త్రీ నిలబడ్డాడు. రోజుకు పది గంటల చొప్పున 280 రోజులు చేస్తే 2,800 గంటలు. పుణె, ముంబయి కట్టడాల మీదికి పోయే పాలమూరోళ్ళకు అది ఒక్క ఏడాది ముచ్చట. నాయకత్వమా? పాతికమందికి అడ్వాన్సులిప్పించి, పిల్లాజెల్లాతో బస్సెక్కించి, వానాకాలానికి మళ్ళీ ఊళ్ళో దింపుతాడు. పరిచయాలా? మక్తల్ నుంచి భివండి దాకా ఆయన ఫోనెత్తని కాంట్రాక్టర్ లేడు. ఇంతటి అభ్యర్థి డిగ్రీ లేదన్న ఒక్క చిన్న కారణంతో లండన్‌కు దక్కకుండా పోయాడు.

డిగ్రీ ఉన్నోళ్ళకైతే దారి సాఫుగా ఉంది. అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు 55 శాతం మార్కులు, మూడేళ్ళ ఉద్యోగానుభవం, నాలుగేళ్ళ డిగ్రీ కావాలి. మూడేళ్ళదే ఉన్నవాళ్ళు పీజీ కూడా పూర్తిచేసి ఉండాలి. అంటే నల్లగొండలో బీఎస్సీ చేసిన పిల్ల ముందు ఇక్కడ పీజీ చేసి, మూడేళ్ళు ఉద్యోగం చేసి, అప్పుడు అమెరికాలో పీజీ చదవడానికి అర్హత సంపాదిస్తుంది. ఈలోపు గ్రూప్-2 నోటిఫికేషన్ రాకుండా ఉండాలని మొక్కుకోవాలి.

ఖర్చు గురించి కూడా అనవసరంగా భయపెడతారు. ఇంగ్లీషు వచ్చని రుజువు చేసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు పదిహేను వేల పైనే ఫీజు. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అమ్మ యాభై రోజులకు పైనే మట్టి మోస్తే బిడ్డ మూడు గంటల్లోపు పరీక్ష రాసి వస్తుంది. అప్పటి చట్టం ఏడాదికి 100 రోజుల పని ఇస్తామన్నది కాబట్టి, ఒకసారి తప్పినా రెండోసారికి కొంచెం అప్పు చేస్తే చాలు. ఆ ఏడాది ఇంట్లో ఏం తిన్నారన్నది వ్యాసంలో రాసుకోవచ్చు, మార్కులు కలుస్తాయి.

వ్యాసమంటే మా నల్లగొండ జిల్లాకు ఎదురులేదు. ఫ్లోరైడ్ ఉందిగా! పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు. అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మా ఊరి పేరు వీసా లేకుండా ఆఫ్రికా తిరిగొచ్చింది, మర్రిగూడ దిక్కు ఆ ఫ్లోరైడ్ నీళ్ళకు వంకర్లు పోయిన కాళ్ళు మాత్రం వాకిలి దాటలేదు. ఇప్పుడు మనవడు ఆ కాళ్ళను ఏ పేరాలో పెట్టాలన్నది తేల్చుకోవాలి. మొదట్లో పెడితే జాలి కోసం రాశాడంటారు, చివర్లో పెడితే నాయకత్వం కనబడదు. మూడో పేరా క్షేమం. పక్కన కూర్చున్న తాత అడుగుతాడు, "నా కాళ్ళ సంగతి రాస్తున్నవా బిడ్డా? పింఛన్ కోసమేనా?"

సిఫారసు లేఖలు సమస్యే కాదు. కాలేజీలో అచ్చేసిన కాగితం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేరు నింపితే చాలు: నడవడిక సంతృప్తికరం. ఆక్స్‌ఫర్డ్‌కైనా, అంగన్‌వాడీ పోస్టుకైనా అదే కాగితం.

సలహా కోసం మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో విదేశీ చదువుల కన్సల్టెన్సీకి పోవద్దు. "ఫెలోషిప్పులెందుకు తమ్మీ, లోన్ చేపిస్త" అంటాడు. చేరిన పిల్లగాడికింత అని యూనివర్సిటీలు ఆయనకు కమీషనిస్తాయి. స్కాలర్‌షిప్ మీద చదివేవాడి వల్ల ఆయన ఆఫీసు కిరాయి కూడా వెళ్ళదు.

ఇన్ని గండాలు దాటినవాడికి అసలు గండం చదువైపోయాక ఎదురవుతుంది. చీవెనింగ్ తీసుకున్నవాళ్ళు చదువు ముగిశాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్ వాళ్ళు పోయే జె-1 వీసాకూ ఇట్లాంటి రెండేళ్ళ నిబంధనే ఉంది. దేశాభివృద్ధి కోసమట. ఈ మాట దేవరకొండలో పెండ్లిళ్ళ పేరయ్యకు చెప్పి చూడండి. "పైసా ఖర్చు లేకుండ లండన్ల చదివిండా? మంచిదే. మరి ఎందుకొచ్చిండు?" అంటాడు. పొలం అమ్మి, లోను తీసుకుని డాలస్‌లో పార్ట్‌టైం చేసుకునే పిల్లగానికి కట్నం పలుకుతుంది. ప్రపంచమంతా వడపోసి ఎంచుకున్న మనోడికి మాత్రం, అక్కడ ఏదో కేసైందని ఊళ్ళో పుకారు లేస్తుంది.

కనుక సదరు సంస్థలకు మా దక్షిణ తెలంగాణ తరఫున ఒకటే వినతి. డిగ్రీ పట్టాతో పాటు ఇంకో కాగితం తెలుగులో ఇవ్వండి: "ఇతను చెడి తిరిగి రాలేదు, ఒప్పందం ప్రకారం మేమే పంపించాము." కింద స్టాంపు కొంచెం పెద్దగా వెయ్యండి, పిల్ల తరఫు మేనమామ అద్దాలు లేకుండా చదువుతాడు.