హంగరీ ప్రభుత్వ టీవీ ఇంటర్వ్యూ గారికి బహిరంగ లేఖ

బుడాపెస్ట్ ఎం1 చానెల్ రాజకీయ ఇంటర్వ్యూ గారికి,

నమస్కారాలు. మీది జర్నలిజం అనుకుని, ప్రశ్నలేవీ అంటూ గిట్టనివాళ్లు మిమ్మల్ని ఆడిపోసుకుంటున్నారు. పాపం, మీరు చేసేది 17వ శతాబ్దపు నిలువెత్తు పటాల పని అని వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లం గనక మీ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాం.

ఆనాటి హంగరీ ప్రభువు పటం ఎలా తయారయ్యేదంటే: కాన్వాసుకు ముందు ఎర్రమట్టి రంగు పూత. దొరగారి ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో గదో కత్తిపిడో. పక్కన గుడ్డ కప్పిన బల్ల, దాని మీద ఈక గుచ్చిన బొచ్చుటోపీ. వెనకాల తెర. పై మూలన వంశచిహ్నం, లాటిన్‌లో పేరు, పదవులు, వయసు. ముఖం వరకు మనిషినో పాత పటాన్నో చూసి గీసి, ఒళ్లంతా అలవాటైన మూసలో నింపేసేవారు. అందుకే చాలా పటాల్లో తల ఒకరిది, మొండెం ఇంకొకరిదిలా ఉంటుంది. నేల వాలు లెక్క తప్పి, బూట్లు ముందుకు జారుతున్నట్టుంటాయి. అంగీ గుండీల వరుస మాత్రం ఎక్కడా చెడదు. డబ్బిచ్చినవాడు చూసుకునేది గుండీలే.

మీరూ అంతే. 2010లో విక్టర్ ఓర్బాన్ మళ్లీ ప్రధాని అయ్యాక ఏళ్ల తరబడి మీ మూస చెక్కు చెదరలేదు: బ్రస్సెల్స్ (అంటే ఐరోపా సమాఖ్య), వలసలు, హంగరీలో పుట్టిన అమెరికా కోటీశ్వరుడు సోరోస్. జవాబు సగం ప్రశ్నలోనే కుట్టేసి ఉంటుంది, అతిథి గుండీ పెట్టుకుంటే చాలు. అడిగేవారు గంగిరెద్దులా తలూపుతారు. ప్రధానిగా ఉన్న ఓర్బాన్ గారిని శుక్రవారం పొద్దున్నే ప్రభుత్వ రేడియో కొషుత్‌లో పలకరించిన మీ తోబుట్టువుకైతే తెర, బల్ల ఖర్చు కూడా లేకపోయింది. (మన తెలుగు చానెళ్ల సంగతి తెలిసి కూడా ఇక్కడ గొప్పలు పోవడం లేదు లెండి.)

అయినా మీరింకా హంగరీలోని పెద్ద జమీందారీ కుటుంబమైన ఎస్తెర్‌హాజి వంశం స్థాయికి చేరలేదు. ఫ్రాక్నో (ఇప్పుడు ఆస్ట్రియాలోని ఫోర్క్‌టెన్‌స్టైన్) కోటలోని వాళ్ల పూర్వీకుల గ్యాలరీలో డ్రాకులాగా పేరుపడ్డ వ్లాద్ నిలువెత్తు పటం ఉంది. 1700లో అచ్చు వేయించిన వంశావళి పుస్తకంలో హూణ రాజు అట్టిలా కూడా వాళ్ల తాతే. పుట్టని తాతలకు సైతం మీసాలు దిద్దిన చేతులవి. మీరు బతికున్నవాళ్లతోనే సరిపెట్టుకుంటున్నారు, అది మీ వినయం.

ఇక ప్రత్యర్థులు. ప్రధాని అభ్యర్థిగా ఓర్బాన్ టీవీ చర్చలో ఎదుటివారితో తలపడింది 2006లో, అప్పటి ప్రధాని జుర్చాన్‌తో. ఆ ఎన్నిక ఓడిపోయారు. 2010, 2014, 2018, 2022 ఎన్నికల్లో చర్చ ఊసే లేదు. 2022 మార్చిలో ప్రతిపక్ష అభ్యర్థి మార్కి-జాయ్‌కి చట్టం ప్రకారం రావలసిన 5 నిమిషాలు మీరు ఇచ్చారు. 5 నిమిషాల్లో కాన్వాసుకు అడుగుపూత కూడా పూర్తి కాదు.

అసలు మీ వృత్తికి ద్రోహం చేసినవాడు ఆదామ్ మాన్యోకి. హాబ్స్‌బర్గ్ పాలన మీద హంగరీ తిరుగుబాటు నడిపిన ప్రభువు రాకోత్సికి ఆస్థాన చిత్రకారుడు. ఆ తిరుగుబాటు ఓడిపోయింది, యజమాని దేశం వదిలాడు, 1712లో ఆయన బొమ్మ గీశాడు. గద లేదు, బల్ల లేదు, జారే బూట్లు లేవు. చీకటి వెనకతలం, మెడలో పతకం, భుజాల మీదికి జుట్టు, సూటిగా చూసే కళ్లు. ఆ ముఖంలో ఓటమీ కనిపిస్తుంది, ఓటమికి లొంగనితనమూ కనిపిస్తుంది. యజమాని దగ్గర జీతం తిన్నవాడు ఇంత నిజం గీయవచ్చా? మీరైతే ఆ గదను ఎక్కడి నుంచైనా తెచ్చి చేతిలో పెట్టేవారు.

2024 ఫిబ్రవరిలో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. హంగరీ అధ్యక్షురాలు రాజీనామా చేసిన వెంటనే, యూట్యూబ్‌లో పార్టిజాన్ అనే స్వతంత్ర చానెల్ వాళ్లు పేటర్ మాజ్యార్ అనే, తర్వాత ఓర్బాన్‌కు ప్రధాన ప్రత్యర్థి అయినా అప్పటికి పెద్దగా తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గంటకు పైగా మాట్లాడనిచ్చారు. కోటి జనాభా కూడా లేని దేశంలో ఆ వీడియోను 20 లక్షలకు పైగా చూశారు. మీరు కంగారు పడకండి, అలవాటు లేని పని అది.

ఒక్క సాంకేతిక హెచ్చరిక. ఎర్రమట్టి పూత మీద రంగు పల్చగా వేస్తే, ఏళ్లు గడిచేకొద్దీ పైరంగు పారదర్శకమై అడుగుపూత బయటపడుతుంది, నీడలు నల్లబడతాయి. మీ పాత టేపులు భద్రంగా ఉన్నాయి కదా?

చివరిగా చిన్న విన్నపం. ఆ పటాల మూలన వంశచిహ్నం ఉండేది, బొమ్మ ఎవరి సొమ్ముతో వెలిసిందో చూడగానే తెలిసేది. మీ తెర మీద లోగో పక్కన జాగా ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
పటాలు చూసే అలవాటున్న కొందరు ప్రేక్షకులు