సీసం ధూళిని కొలిచేదెవరు?

పాత పెయింట్ నుంచి రాలే సీసం ధూళి ఇంట్లో నేల మీద చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే భయం లేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2001లో తేల్చింది. 2019లో ఆ అంకెను 10కి దించింది. అదీ చాలదని 2021లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు మొట్టికాయ వేశాక 2024 అక్టోబరులో కొత్త నిబంధన తెచ్చింది. ల్యాబ్ పరీక్షకు అందేంత సీసం ఏ కాస్త ఉన్నా అది ప్రమాదమేనని అందులో ఒప్పుకుంది. సీసం తొలగించే పని ముగిశాక నేల మీద 5, కిటికీ గట్టు మీద 40, కిటికీ గాడిలో 100 మైక్రోగ్రాముల లోపే మిగలాలంది. అమలుకు 2026 జనవరి 12 గడువు పెట్టింది. ఈ మార్పును స్వాగతిస్తున్నాం. కానీ అమెరికా సైనిక స్థావరాల్లోని పాత ఇళ్ల చరిత్ర చూస్తే అంకె తగ్గినంత మాత్రాన పిల్లలు గట్టెక్కుతారన్న నమ్మకం మాకు కలగడం లేదు.

అయిదు మైక్రోగ్రాములంటే ఎంత? మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలో వంతు. ఒక్క గ్రాము సీసాన్ని సమానంగా పరిస్తే వెయ్యి చదరపు అడుగుల ఇళ్లు 200 ఆ 5 మైక్రోగ్రాముల గీత దగ్గరికి చేరతాయి. అంత సీసం రావడానికి గోడలు పెచ్చులూడిపోవాల్సిన పని లేదు. పాతకాలం కిటికీల్లో పైకీ కిందికీ జారే రెక్కలుంటాయి. తీసి మూసినప్పుడల్లా చెక్కకు చెక్క ఒరుసుకుని, పొరలు పొరలుగా వేసిన పాత పెయింట్ పొడిగా గాడిలో రాలుతుంది. గాలికి అది గట్టు మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి చేరుతుంది. అప్పుడప్పుడే నిలబడటం నేర్చిన బిడ్డ ఆ గట్టునే పట్టుకుంటుంది, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. పొడి చీపురుతో ఊడిస్తే ధూళి లేచి మళ్లీ పరుచుకోవడమే తప్ప పోదు. తడిగుడ్డతో తుడవాలి. అసలు విరుగుడు మాత్రం ఆ కిటికీని మార్చడమే. ఖర్చుతో కూడిన పని కాబట్టి పైపైన ఇంకో పూత వేసి సరిపెట్టే యజమానులు ఎక్కడైనా ఉంటారు.

అమెరికా ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించింది. సైనిక స్థావరాల్లో అంతకుముందు కట్టిన ఇళ్లు ఇంకా వేలల్లో ఉన్నాయి. జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌ లాంటి చోట్ల వందేళ్లకు దగ్గరపడినవీ ఉన్నాయి. 1996లో మొదలైన ప్రైవేటీకరణతో స్వదేశంలోని సైనిక కుటుంబాల ఇళ్లు దాదాపు అన్నీ కంపెనీల చేతికి వెళ్లాయి. ఒప్పందాలు చాలావరకు 50 ఏళ్లకు రాసుకున్నవి. సైనికుడికి వచ్చే ఇంటి భత్యం మామూలుగా నేరుగా కంపెనీ ఖాతాకే పోతుంది. బయట అద్దెకున్నవాడు ‘బాగు చేయించే దాకా అద్దె ఇవ్వను’ అని భీష్మించగలడు. ఇక్కడ అద్దె చేతికొస్తే కదా ఆపడానికి! పైగా ఫిర్యాదు చేస్తే పైఅధికారి ఏమనుకుంటాడోనన్న టెన్షన్ ఉండనే ఉంది.

2018లో రాయిటర్స్ వార్తాసంస్థ ఈ ఇళ్లలో పరీక్షలు చేయించి, సైనిక ఆసుపత్రుల రికార్డులు తవ్వి తీస్తే గానీ విషయం బయటపడలేదు. 2011 నుంచి 2016 దాకా వెయ్యికి పైగా చిన్నపిల్లల రక్తంలో సీసం ప్రమాద సూచికను మించి కనిపించింది. ఆ తర్వాతే సైన్యం దాదాపు 40 వేల పాత ఇళ్ల తనిఖీకి ప్రణాళిక వేసింది. అంటే ఇల్లు ప్రమాదకరమో కాదో అంతదాకా బిడ్డ రక్తమే చెప్పాల్సి వచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

అసలు కిటుకు చట్టంలోనే ఉంది. ఈపీఏ అంకెలు ఏది ప్రమాదమో చెబుతాయి గానీ ఇంటిని పరీక్షించి తీరాలని యజమానిని బలవంతపెట్టవు. కొలవని ఇంట్లో 40 అయినా 5 అయినా ఒకటే. కొలిచే పనిని కంపెనీకే వదిలేయడం పరీక్ష రాసినవాడికే పేపరు దిద్దమని ఇవ్వడం లాంటిది. ఇది ఊహించి అంటున్న మాట కాదు. సైనిక ఇళ్లు నిర్వహించే బాల్ఫోర్ బీటీ కమ్యూనిటీస్ 2021 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఇళ్లు బాగా చూసుకున్నందుకు సైన్యం ఇచ్చే ప్రోత్సాహక సొమ్ము కోసం మరమ్మతుల రికార్డులను తారుమారు చేసినందుకు జరిమానా, పరిహారం కలిపి 6.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. ఆ కేసు సీసం గురించి కాదు. అయితే కుళాయి బాగు చేశామని దొంగ లెక్క రాసే వ్యవస్థ ధూళి లెక్క నిజం రాస్తుందని ఏ తల్లి నమ్మాలి?

సైనిక కుటుంబాలు 2019లో సెనేట్ కమిటీ ముందు గోడు వెళ్లబోసుకున్నాక, అద్దెదారుల హక్కుల పత్రం వచ్చింది. వివాదం తేలే దాకా అద్దెను పక్కన పెట్టే ఏర్పాటూ జరిగింది. మంచిదే. అయితే ఇవన్నీ ఫిర్యాదు చేశాక అందే హక్కులు. సైనికులు రెండు మూడేళ్లకోసారి బదిలీ అవుతూనే ఉంటారు. అలా ఇల్లు ఖాళీ అయిన సమయంలోనే, కొత్త కుటుంబానికి తాళం ఇవ్వకముందే, కంపెనీతో సంబంధం లేని నిపుణుడు వచ్చి కిటికీ గాడితో సహా ధూళి నమూనా తీయాలి. ఫలితం ల్యాబ్ నుంచి నేరుగా ఆ కుటుంబానికీ స్థావరంలోని పిల్లల డాక్టరుకూ చేరాలి. కంపెనీకి ప్రోత్సాహకం ఇవ్వాలో వద్దో ఆ కాగితం చూశాకే తేల్చాలి.

న్యూజెర్సీలోనో షికాగోలోనో పాత ఇల్లు అద్దెకు తీసుకునే మన తెలుగువాళ్లకూ ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం గురించి తనకు తెలిసింది యజమాని సంతకానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చాలామంది ఆ కాగితాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తుంటారు. అందులో ‘తెలియదు’ అని ఉంటే ఇంట్లో సీసం లేదని కాదు, ఎవరూ చూడలేదని. ఇక మన దేశంలో 2017 నవంబరు నుంచి ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదు. ఆ నిబంధన కొత్త డబ్బాకే వర్తిస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనూ రైల్వే కాలనీల్లోనూ దశాబ్దాలుగా తలుపులకూ కిటికీలకూ ఎక్కిన పాత ఎనామిల్ పొరల ఊసు అందులో లేదు. క్వార్టర్లకు మళ్లీ రంగులేయించే ముందు ఆ పొరలను పొడిగా గీకించవద్దని, తడిపి తీయించాలని కాంట్రాక్టు కాగితంలో ఒక షరతు చేర్చడానికి అధికారులకు కొత్త చట్టం అక్కర్లేదు.