పదాల పట్టిక పక్కన పెట్టండి, పిల్లలకు భయం కథ చదివి వినిపించండి

కడపలో ఏ హైస్కూలుకైనా వెళ్లి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు నోట్సు తిరగేయండి. ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క దానికి అర్థం, ఆ తర్వాత సినానిమ్, యాంటోనిమ్. రోజుకు ఇన్ని అని లెక్క. వారం చివర్లో డిక్టేషన్ పెడతారు, మళ్లీ వారం అడిగితే సగం క్లాసు తలలు దించుకుంటుంది. పిల్లలు మొద్దులు కాదు, సార్లు సోమరులు కాదు. పరీక్షలో బిట్లు వస్తాయి కాబట్టి బిట్ల కోసం బట్టీ పట్టిస్తున్నారు, అంతే. కానీ ఆ మాట ఎవరు ఎవరితో ఎందుకన్నారో తెలియకుండా బట్టీ పట్టింది నిలవదు. ఇది టీచర్లందరికీ తెలిసిన సంగతే, ఎవరూ గట్టిగా అనడం లేదు.

నేననేది ఇది. ఆ పట్టికలు మానేసి నెలకు ఒక గోథిక్ కథ, అంటే పాత కాలపు భయం కథ, క్లాసులో పైకి చదివి వినిపించండి. 1764లో ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్‌పోల్ రాసిన నవలతో మొదలైన బాట అది. పాడుబడ్డ కోటలు, తాళం వేసిన గదులు, దాచిపెట్టిన నేరాలు. గండికోటలో సాయంత్రం పూట ఆ పాత జైలు గోడల పక్కన నడిచిన పిల్లాడికి ఆ వాతావరణం గురించి కొత్తగా చెప్పే పనే లేదు.

అమెరికా రచయిత ఎడ్గార్ అలెన్ పో 1843లో అచ్చేసిన ‘ద టెల్‌-టేల్ హార్ట్’ తీసుకోండి. రెండు వేల పైచిలుకు మాటల కథ, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. కథను ఒక్క విడతలో చదివేయగలగాలని పో స్వయంగా వాదించినవాడు. ఇందులో ఒకడు తనకు పిచ్చి లేదని మనకు నచ్చజెప్పాలని చూస్తూ, ముసలాయన్ని ఎలా చంపాడో చెప్పుకొస్తాడు. తన చెవులు ఎంత ‘అక్యూట్’గా (చురుగ్గా) పనిచేస్తాయో గొప్పగా చెప్పుకుంటాడు. శవాన్ని నేల చెక్కల కింద దాచి, వచ్చిన పోలీసులను నవ్వుతూ ఆ గదిలోనే కూర్చోబెట్టి, తన కుర్చీ సరిగ్గా ఆ చెక్కల మీదే వేసుకుని కబుర్లు చెబుతాడు, ఈలోగా గుండె చప్పుడు మొదలవుతుంది, పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, పోలీసులు మాత్రం ఏమీ విననట్టు హాయిగా మాట్లాడుకుంటూనే ఉంటారు. వీళ్లకు అంతా తెలుసు, నన్ను వెక్కిరిస్తున్నారు అనుకుని ఇక తట్టుకోలేక, ‘డిసెంబుల్’ చేయడం ఆపండి అని అరిచేస్తాడు. ఆ క్షణంలో క్లాసులో ఒక్కరు కూడా డిక్షనరీ తీయరు. నటించడం ఆపమంటున్నాడని వెనక బెంచీ దాకా అర్థమైపోతుంది. ‘డెరిషన్’ (వెక్కిరింత), ‘హిపోక్రిటికల్’ (కపటమైన) కూడా అక్కడే, ఆ అరుపుకు ముందు వాక్యాల్లోనే ఉన్నాయి. పట్టికలో నెల రోజులు చెప్పినా ఎక్కని మూడు మాటలు, భయం పుణ్యమా అని ఒక్క పూటలో ఎక్కుతాయి.

నాకు పో కంటే ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటుంది. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో అచ్చేసిన ‘ద మంకీస్ పా’. మన దేశంలో ఒక ముసలి ఫకీరు మంత్రించిన కోతి చెయ్యి ఇంగ్లండులో ఒక మామూలు ఇంటికి చేరుతుంది, మూడు కోరికలు తీరుస్తుందని నమ్మకం. తండ్రి రెండు వందల పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు కంపెనీ మనిషి వస్తాడు. కొడుకు యంత్రంలో పడి చనిపోయాడని చెబుతాడు. కంపెనీ ఏ ‘లయబిలిటీ’ (బాధ్యత) ఒప్పుకోదట, ‘డిస్‌క్లెయిమ్’ చేస్తుందట, అయినా అతని సేవలకు గుర్తింపుగా కొంత సొమ్ము ‘కాంపెన్సేషన్’గా (పరిహారంగా) ఇస్తుందట. ఎంత? రెండు వందల పౌండ్లు.

ఈ ఘట్టం ఎర్రగుంట్లలో చదివి చూడండి. సిమెంటు ఫ్యాక్టరీలోనో, నాపరాళ్ల గనిలోనో తండ్రి పనిచేస్తున్న పిల్లలు ఉంటారు. ప్రమాదం జరిగినప్పుడు తెల్లచొక్కా మనిషి ఇంటికి రావడం, కాగితం మీద సంతకం అడగడం, ఆ కాగితం ఇంగ్లీషులో ఉండడం వాళ్లకు తెలుసు. ‘డిస్‌క్లెయిమ్’, ‘లయబిలిటీ’, ‘కాంపెన్సేషన్’... ఈ మూడు మాటల బరువు ఆ పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇవి తెలియకపోతే పోయేది మార్కులు మాత్రమే కాదు. నూట ఇరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు దెయ్యం కథ మన జిల్లా పిల్లాడికి ఎందుకని అడిగేవాళ్లు ఈ ఒక్క పేజీ చదివాక అడగాలి.

భాష పాతది, వాక్యాలు పొడవు, ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లలు బెదిరిపోతారు అంటారు. నిజమే, ఊరికే చేతికిచ్చి చదవమంటే బెదురుతారు. ముందు తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి, తర్వాత టీచరే గొంతు మార్చి చదివితే బెదరరు. మూఢనమ్మకాలు పెరుగుతాయన్న అనుమానానికి పో కథే జవాబు. అందులో దెయ్యమే లేదు, చేసిన తప్పు మనిషిని లోపల నుంచి తినేయడం ఉంది.

కడపవాళ్లకు ఇది కొత్త పద్ధతి కూడా కాదు. 1820లో ఇక్కడికి వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది పట్టికల్లోంచి కాదు, పండితుల దగ్గర కూర్చుని పద్యాలు చదివి. వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చేశాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే, ఎన్నో మాటల పక్కన దాన్ని వాడిన కావ్యం లోని పాదం కనిపిస్తుంది. నిఘంటువు రాసినవాడే మాటను వాక్యంలోంచి విడదీయలేదు, మన గైడ్లు విడదీస్తున్నాయి. ఆయన బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఊళ్లోని హైస్కూలు పిల్లల్లో ఎంతమందిని అక్కడికి తీసుకెళ్తున్నాం?

అసలు నా కోపం ఇంకోచోట ఉంది. అనంతపురం నుంచి బస్సెక్కితే కొన్ని గంటల్లో బెంగళూరు. అక్కడ లక్షల ఫీజు కట్టే పిల్లలు పో చదువుతారు, షేక్‌స్పియర్ చదువుతారు, నాటకం వేస్తారు, పాత్ర ఎందుకలా చేసిందో వాదించుకుంటారు. ఇక్కడ జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లాడికి మాత్రం ‘కమ్యూనికేషన్ స్కిల్స్’. సెల్ఫ్ ఇంట్రడక్షన్, సెలవు చీటీ, ఇంటర్వ్యూలో గుడ్ మార్నింగ్. డబ్బున్నవాడికి సాహిత్యం, లేనివాడికి స్పోకెన్ ఇంగ్లీషు అని ఎవరో గీత గీసినట్టే ఉంది, మనం దాన్ని సౌకర్యంగా ఒప్పేసుకున్నాం. పేదవాడికి ఉద్యోగానికి సరిపడా ఇంగ్లీషు చాలు అనుకోవడం వాడి ఊహకు కూడా కూలి రేటు కట్టడమే. తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నాం గానీ, ఆ ఇంగ్లీషులో ఏం చదివిస్తున్నామని ఒక్క సభలోనూ గట్టిగా అడగలేదు. తెలుగు పీరియడ్‌లోనూ అంతే, పద్యానికి ప్రతిపదార్థం ఉంటుంది, రాగం ఉండదు.

దీనికి బడ్జెట్ అడగక్కర్లేదు. పో 1849లో, జేకబ్స్ 1943లో చనిపోయారు, ఈ కథలకు కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, జిరాక్స్ తీసి పంచితే ఎవరూ ఆపరు. కావాల్సింది డీఈఓ కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు. నెలకు ఒక పీరియడ్‌లో కథ చదవాలి, ఆ పీరియడ్‌లో బిట్లు అడగకూడదు, తనిఖీకి వచ్చిన అధికారి ‘సిలబస్ ఎక్కడ?’ అని టీచరును నిలదీయకూడదు. కడప, అనంతపురం, కర్నూలు మూడు చోట్లా జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వు రావాలి.