బీఎస్సీ ఫిజిక్స్ చాలు, డేటా పని మాత్రం డిగ్రీలోనే మొదలుపెట్టాలి
డిగ్రీ పేరులో ఆస్ట్రోఫిజిక్స్ లేకపోతే ఖగోళ పరిశోధనకు దారి మూసుకుపోతుందని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాట పిల్లల్ని అనవసరంగా భయపెడుతుంది. మన దేశంలో చాలామంది బీఎస్సీ ఫిజిక్స్ చేసి, జామ్ (ఐఐటీల వంటి సంస్థల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఎమ్మెస్సీకి, ఆపైన జెస్ట్ అనే ప్రవేశ పరీక్షతో పీహెచ్‌డీకి వెళతారు. మెకానిక్స్, విద్యుదయస్కాంతం, క్వాంటమ్, థర్మల్ ఫిజిక్స్ గట్టిగా వస్తే నక్షత్రాల నిర్మాణం పీజీలో నేర్చుకోవచ్చు. అసలు లోటు డేటాతో పని చేయకపోవడం. దానికి టెలిస్కోపు అక్కర్లేదు, ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలను వెతికే నాసా టెస్ ఉపగ్రహం డేటా ఉచితం. హెచ్‌డీ 209458 లాంటి నక్షత్రం లైట్‌కర్వ్‌ను, అంటే కాలంతో పాటు వెలుగు మారే గ్రాఫ్‌ను, పైథాన్‌లో లైట్‌కర్వ్ (Lightkurve) లైబ్రరీతో డౌన్‌లోడ్ చేసుకుని, గ్రహం ఒక చుట్టు తిరిగే సుమారు 3.52 రోజుల పీరియడ్‌తో మడిస్తే, అంటే ఆ ముక్కలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేరిస్తే, గ్రహం అడ్డువచ్చినప్పటి పల్లం కనిపిస్తుంది. వెలుగు 1 శాతం తగ్గితే గ్రహం వ్యాసార్ధం నక్షత్రంలో పదో వంతు, ఎందుకంటే తగ్గుదల ఆ నిష్పత్తి వర్గానికి సమానం. ఎక్కువమంది తప్పు చేసేది ఫ్లాటెన్ దగ్గర, అంటే నక్షత్రం వెలుగులోని నెమ్మది మార్పులను ఫిల్టర్‌తో తీసేసే చోట. 2 నిమిషాలకో కొలత ఉన్న డేటాలో 101 పాయింట్ల విండో (ఫిల్టర్ ఒకేసారి చూసే ముక్క) అంటే మూడు గంటల ఇరవై నిమిషాలే. ట్రాన్సిట్ (గ్రహం నక్షత్రానికి అడ్డురావడం) కూడా దాదాపు అంతసేపే ఉంటుంది కాబట్టి ఫిల్టర్ దాన్నే కొంత మింగేసి గ్రహాన్ని చిన్నదిగా చూపిస్తుంది. విండో కనీసం మూడు రెట్లు పెంచాలి, బేసి సంఖ్యే ఇవ్వాలి. ఇంకో చిక్కు, టెస్ పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే ఒకే పిక్సెల్‌లో చాలా నక్షత్రాలు పడొచ్చు. పక్క నక్షత్రాల వెలుగు కలిసినా పల్లం లోతు తగ్గుతుంది. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల పట్టిక అయిన గయా కేటలాగ్‌లో ఇరుగుపొరుగు నక్షత్రాలను చూసుకున్నాకే వ్యాసార్ధం లెక్కగట్టాలి.