చుక్కల్లో కలిపేసి చేతులు దులుపుకుంటే ఎలా?

అమ్మ పోయిందని ఒకరు కవిత రాస్తారు. రెండో చరణానికల్లా ఆవిడ చుక్కైపోతుంది, మూడో చరణంలో వానై కురుస్తుంది, ఆఖర్న పువ్వై నవ్వుతుంది. కింద కామెంట్ల నిండా ఏడుపు ఎమోజీలు. రాసినవాళ్ల బాధ నిజమే, దాన్ని నేనేమీ అనట్లేదు, కానీ ఆ కవితలో అమ్మ ఏదండీ? ఎవర్ని ఎలా కసిరేది, ఏ మాటకి పకపకా నవ్వేది, ఏ మందు వేసుకున్నానని అబద్ధం చెప్పేది, ఒక్కటీ ఉండదు. ఎవరి అమ్మకైనా అతికించెయ్యొచ్చు.

ప్రకృతి ఓదారుస్తుందన్న మాట మనకి మరీ చవకైపోయింది. బిడ్డల్ని పోగొట్టుకుని రాసిన పెద్ద కవుల్ని చదవండి, ఆ మాట దగ్గరికి రాగానే ఎంత తటపటాయిస్తారో.

ప్రకృతి కవి అంటే ముందు గుర్తొచ్చేది ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ కదా. 1812లో ఆయన మూడేళ్ల కూతురు కేథరిన్ చనిపోయింది. ఏ కొండతోనో ఏటితోనో చెప్పుకుని ఏడ్చి ఉంటాడనుకుంటాం. ఆ పిల్ల మీద రాసిన పద్నాలుగు పాదాల సానెట్‌లో కొండా లేదు, ఏరూ లేదు, మొదటి పాదంలో గాలి ఒక పోలికగా వచ్చి పోతుంది, అంతే. ఏదో సంతోషం కలిగి, చెబుదామని తిరిగితే పిల్ల లేదు. ఒక్క క్షణమైనా ఎలా మర్చిపోగలిగానని తనని తాను నిలదీసుకుంటాడు.

ఫ్రెంచ్ కవి విక్టర్ హ్యూగోది ఇంకో మొండితనం. కూతురు లియోపోల్డిన్ 1843లో, పెళ్లైన ఏడాదే, సేన్ నదిలో పడవ బోల్తాపడి భర్తతో సహా పోయింది. ఆమె సమాధికి నడిచి వెళ్లడం గురించి ఆయన పన్నెండు పాదాల పద్యం రాశాడు. సాయంత్రపు బంగారం చూడను, దూరాన తెరచాపలూ చూడను అంటాడు. అంత భీష్మించినవాడు కూడా సమాధి మీద పెట్టడానికి పచ్చటి కొమ్మలు, పూలు పట్టుకెళ్తాడు! నాకు ఎప్పుడు చదివినా అక్కడే గొంతు పట్టేస్తుంది. అవి ఆయన్ని ఓదార్చాయని ఎక్కడా అనడు, ఉత్త చేతులతో కూతురి దగ్గరికి ఎలా వెళ్తాడు మరి.

జపాన్ కవి ఇస్సా అయితే మూడు పాదాల్లో తేల్చేశాడు. 1819లో మశూచి సోకి పసికూతురు సాతో పోయింది. ఈ లోకం మంచుబిందువే, ఒప్పుకున్నాను, అయినా... అయినా... అని ఆపేస్తాడు. తెలిసిన వేదాంతమంతా ఆ రెండో 'అయినా' దగ్గర చతికిలబడుతుంది.

అమెరికన్ కవి, తత్వవేత్త ఎమర్సన్‌తో మాత్రం నాకు పేచీ ఉంది. 1842లో ఐదేళ్ల కొడుకు వాల్డో పోయాక రాసిన శోకగీతం ఎంత బాగా మొదలవుతుందంటే, దక్షిణపు గాలి అన్నిటికీ ప్రాణం పోస్తుంది గానీ పోయినవాళ్ల మీద దాని పప్పులుడకవు అంటాడు. పిల్లాడి రంగుల స్లెడ్జి, అదే మంచు మీద జారే బండి, ఉన్నచోటే ఉంది, ఇసుకలో వాడు తవ్విన గుంట అలాగే ఉంది. ఆ తర్వాత విశ్వం, నియమం, ప్రవాహం అంటూ జవాబులు మొదలవుతాయి. గొప్ప తత్వమే కావచ్చు, నేను మాత్రం అవి దాటేసి మళ్లీ ఆ గుంట దగ్గరికే వస్తాను.

అలాగని చెట్టూ వానా కవితలోకి రాకూడదని కాదు. పరామర్శకి వచ్చినవాళ్లందరూ "ఎలా జరిగింది?" అని అడిగి అడిగి చంపుతుంటే, ఏమీ అడగని చెట్టు కింద కూర్చోవడం ఎంత హాయో పోగొట్టుకున్నవాళ్లకి తెలుసు. ఆ హాయి గురించి రాయండి, చదువుతాను. పోయిన మనిషినే చెట్టు చేసేస్తే మాత్రం ఒప్పుకోను.

ఇలాంటి కవిత పంపి ఎలా ఉందని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఆవిడ పేరేంటని. కవితలో పేరు పెడితే మరీ పర్సనల్ అయిపోతుందేమోనని కొందరు నసుగుతారు. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయాక రాసిన కావ్యానికి ఆమె పేరే పెట్టుకున్నాడు, వరలక్ష్మీ త్రిశతి అని. ఆయనకి లేని మొహమాటం మనకెందుకో!