మెదడు క్యాన్సర్ కిందికి దిగదన్న ధీమా, కనిగిరి నడుం నొప్పి

గ్లియోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్ అని తేలాక ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే, ఇంకెన్నాళ్లు అని. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు అన్నీ పద్ధతిగా జరిగినా సగటున ఏడాది పైచిలుకే. ఆ టెన్షన్‌లో డాక్టర్లు చెప్పే ఒక్క ధైర్యం, ఇది తల దాటి కిందికి దిగదని. వందలో తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది మంది విషయంలో అది నిజమే. నా పేచీ మిగిలిన ఒకరిద్దరి గురించి.

అసలు ఎందుకు దిగదు? మెదడు రక్తనాళాల గోడ బిగువు, చుట్టూ గట్టి పొర, పైగా కణాలు ఇంకోచోట గూడు కట్టుకునేలోపే మనిషి పోతాడు. ఇన్నాళ్లూ చెప్పింది ఇదే. కానీ 2014లో జర్మనీ పరిశోధకులు 141 మంది రోగుల రక్తం చూస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి అందులో ఈ క్యాన్సర్ కణాలు దొరికాయి. అంటే కణాలు గడప దాటుతూనే ఉన్నాయి, నిలదొక్కుకోలేకపోతున్నాయంతే. ఒంట్లోని రోగనిరోధక శక్తే వాటిని అణిచిపెడుతోందని అనుమానం. ఈ జబ్బుతో చనిపోయినవాళ్ల కిడ్నీలు, కాలేయాలు పెట్టించుకుని, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్న కొందరికి అదే క్యాన్సర్ రావడం ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. తలలో నీరు దించడానికి కడుపులోకి వేసే షంట్ గొట్టం వెంట దిగిన కేసులూ ఉన్నాయి.

దిగితే ఎక్కువగా ఊపిరితిత్తులు, మెడ దగ్గర లింఫు గ్రంథులు, ఎముకలు, కాలేయం. ఇక్కడే మన జిల్లా సంగతి వస్తుంది. కనిగిరి, పొదిలి వైపు నడుం నొప్పి అంటే ఎవరైనా ఏమంటారు? ఫ్లోరైడ్ నీళ్లు. చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని ఊరికొచ్చిన మనిషి వెన్ను లాగేస్తోందంటే ఆర్‌ఎంపీ ఇంజక్షన్ వేస్తాడు, మెడ మీద గడ్డ కనిపిస్తే టీబీ అంటారు, మూడు నెలలకోసారి ఎమ్మారై మాత్రం తలకే తీస్తారు. ఆ ఆర్‌ఎంపీని తిట్టి ప్రయోజనం లేదు, ఈ క్యాన్సర్ కిందికీ దిగొచ్చన్న ముక్క డిశ్చార్జి కాగితంలో రాసినవాళ్లుంటే కదా.

కనిపెట్టి ఏం లాభం, ఎలాగూ నయం కాదు కదా అంటారు. ఆయుష్షు పెరుగుతుందని నేనూ అనడం లేదు. వెన్నెముకలో గడ్డ నరాలను నొక్కితే కాళ్లు పడిపోతాయి, ముందే పట్టుకుంటే కొద్దిరోజుల రేడియేషన్‌తో చాలామందికి నొప్పి తగ్గుతుంది, నడకా దక్కొచ్చు. అందరికీ ఒళ్లంతా స్కాన్లు తీయమనడం దండగ ఖర్చే. కొత్త నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే, కాళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజే, తలకు వైద్యం చేసిన డాక్టరుకే ఫోన్ చేయమని కాగితం మీద తెలుగులో రాసివ్వడానికి ఖర్చేముంది?