మూటలు కాదు, ముడుపు కట్టండి

సూడాన్ పిల్లలో గాజా పిల్లలో టీవీలో కనబడిన మర్నాడు మా పత్రిక ఆఫీసుకి ఫోన్లు వస్తాయి. "పాత బట్టలున్నాయండీ, ఉతికి ఇస్త్రీ కూడా చేయించాను, ఎక్కడివ్వాలి?" అని కావలి నుంచి ఒక పెద్దావిడ అడిగారు. స్నేహితులంతా కలిసి పాలడబ్బాలు పోగుచేస్తామని చీమకుర్తి కుర్రాడొకరు అన్నాడు. ఆ మనసులకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఇద్దరికీ మేం చెప్పింది ఒకటే. బట్టలు వద్దు, పాలడబ్బాలు అసలే వద్దు.

బట్టలెందుకు వద్దో మన నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉన్నవాళ్లకి పెద్దగా చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నానికి లారీల కొద్దీ పాత బట్టలొచ్చి రోడ్ల పక్కన గుట్టలుగా పడున్నాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయినప్పుడు మనకి కావలసింది తాగే నీళ్లు, తడి లేని ఒక గది. మన మూట సూడాన్‌కి వెళ్లాలంటే పోర్ట్ సూడాన్‌లో ఓడ దిగి, 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం నడుస్తున్న దేశంలో అడ్డంగా పడమటి కొసనున్న డార్ఫర్ దాకా పోవాలి. ఆ కిరాయి పెడితే దగ్గర్లోని బజార్లో కొత్త బట్టలే వస్తాయి.

పాలపొడి సంగతి మరీ కష్టం. 2006లో ఇండోనేసియాలోని యోగ్యకర్తలో భూకంపం వచ్చాక, దాతలిచ్చిన పాలపొడి పట్టిన పసివాళ్లలో విరేచనాలు మిగతా పిల్లల కంటే దాదాపు రెట్టింపు కనిపించాయి. పొడి మంచిదే, కలిపిన నీళ్లే మంచివి కావు.

మరి ఆ పిల్లల్ని నిలబెడుతున్నదేమిటి? మన చేలల్లో పండే వేరుశనగ. ముద్దగా నూరి పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు కలిపి 92 గ్రాముల పాకెట్లలో నింపుతారు. పొయ్యి వెలిగించక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. మూల చింపితే బిడ్డే నోట్లో పెట్టుకుని పీల్చుకుంటాడు. ఒక్కో పాకెట్‌లో 500 కేలరీలు. చిక్కి శల్యమైన బిడ్డ తేరుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంటే సుమారు 150 పాకెట్లున్న ఒక పెట్టె పడుతుంది. ఈ ముద్ద మన దేశంలోనూ తయారై విదేశాలకి వెళ్తోంది. ఎవరికివ్వాలో తేల్చేది ఒక టేపు. ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉంటే టైలర్ టేపు తెచ్చి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి చూడండి. నాలుగున్నర అంగుళాల దగ్గర వేలు పెట్టి, అంత సన్నటి చేతిని ఊహించుకోండి. అంతకంటే తగ్గితే శిబిరాల్లో వాడే టేపులో ఎరుపు గీత. 2024 ఆగస్టులో కరువు ఉందని నిర్ధారించిన డార్ఫర్‌లోని జంజం శిబిరంలో ఎంతోమంది పిల్లల చేతులు ఆ గీత దగ్గరే ఆగాయి.

కాబట్టి పంపాల్సింది డబ్బు. చిక్కంతా అది పంపే దారిలోనే ఉంది. మన దేశంలో పన్ను మినహాయింపు పొందే ట్రస్టు విదేశాల్లో ఖర్చుపెట్టిన సొమ్ముకీ ఆ మినహాయింపు కావాలంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉండాలి. ఈ సంగతి తెలియక వాట్సాప్‌లో వచ్చిన ప్రతి క్యూఆర్ కోడ్‌నీ స్కాన్ చేసేస్తున్నాం. ఏ సంస్థ, ఎవరి అనుమతి, డబ్బు ఏ దారిన వెళ్తుంది? మొహమాటపడకుండా అడగండి. జవాబు చెప్పకుండా నసిగితే ఫోన్ జేబులో పెట్టేయండి. యునిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటివి సొంత వెబ్‌సైట్లలో విరాళాలు తీసుకుంటాయి. ఫార్వర్డ్ లింకు నొక్కకుండా చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. ఏ దేశపు పిల్లల కోసమో ఆ పేజీలో చూసుకోండి. విదేశీ సంస్థకి నేరుగా ఇచ్చినదానికి ఇక్కడ పన్ను రాయితీ రాదు. రాకపోతే పోనీండి.

ఇంకో దగ్గరి దారి మన ఇళ్లలోనే ఉంది. అమెరికాలో కొడుకో కూతురో లేని వీధి ఈ రెండు జిల్లాల్లో తక్కువ. వాళ్లు అక్కడి నుంచే నేరుగా ఇవ్వగలరు, రసీదూ వస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రెడ్ క్రాస్ లాంటిదే అయిన అక్కడి రెడ్ క్రెసెంట్‌కి ఇవ్వొచ్చు. గల్ఫ్‌లో సొంతంగా చందాలు మాత్రం వసూలు చేయొద్దు, అనుమతి లేకుండా చేస్తే కేసవుతుంది. ఒకేసారి ఐదు వేలు ఇచ్చి మర్చిపోయే కంటే నెలనెలా రెండొందలు ముడుపు కట్టినట్టు తీసిపెట్టడం మేలు. టీవీ మరో వార్తకి వెళ్లిపోయాక కూడా అక్కడ ఆకలి ఉంటుంది.

"పరాయి దేశం పిల్లలు, మనకెందుకండీ?" అని నిష్ఠూరమాడినవాళ్లూ ఉన్నారు. 1876–78 నాటి ధాత కరువులో నెల్లూరు జిల్లా మాడిపోయింది. ఒంగోలు అప్పట్లో ఆ జిల్లాలోదే. లండన్‌లో మేయర్ తెరిచిన నిధికి మన ఊళ్ల పేర్లు కూడా పలకడం రానివాళ్లు చందాలేశారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించి కూలిచ్చారు. ఆ కాలువ ఇప్పటికీ మన ఊళ్ల పక్కనే ఉంది.

ఎముకలు తేలిన పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం సాయం కాదు. మన బిడ్డ ఫొటో అలా తిరిగితే ఊరుకుంటామా? "ఒక అనాథని పెంచుకుంటాం" అనేవాళ్లకీ ఒక మాట. యుద్ధంలో తప్పిపోయిన బిడ్డకి చాలాసార్లు అమ్మమ్మో మేనమామో ఎక్కడో ఉంటారు. ముందు జరగాల్సింది వాళ్లని వెతకడం.

జిల్లా రెడ్ క్రాస్ శాఖకి అధ్యక్షులు కలెక్టరే. నెల్లూరు, ఒంగోలు కలెక్టర్లు ఢిల్లీలోని కేంద్ర కార్యాలయాన్ని అడిగి, విదేశీ విపత్తులకి ఎవరు ఎక్కడ ఎలా ఇవ్వొచ్చో తెలుగులో అరపేజీ రాయించి ఇవ్వాలి. ఇస్తే మొదటి పేజీలో పైసా తీసుకోకుండా వేస్తాం. కావలి పెద్దావిడ నంబరు మా దగ్గరుంది. అచ్చు కాకముందే ఆవిడకి ఫోన్ చేసి చదివి వినిపిస్తాం.